రెండు చుక్కల వణుకు

ఇద్రియాలో పాదరసం గని మూతబడబోతున్న రోజుల్లో
నాకు పదహారేళ్లు.
మా మావయ్య ట్రియెస్టే నుంచి
సబ్బుపొడి డబ్బాలో దాచి సరిహద్దు దాటించాడు
రబ్బరు మీటల కంప్యూటరు.
నెలరోజులు నా వేళ్లు సబ్బు వాసన కొట్టాయి.

నలభై ఎనిమిది కిలోబైట్లు.
ఇవాళ పిల్లలు పంపుకునే నవ్వుబొమ్మ ఒక్కటి కూడా
అందులో పట్టదేమో.
నేను ఒక గని తవ్వాను.

అమ్మ లేసు అల్లేది.
దిండు మీద చెక్క కదుళ్లు రాత్రి దాకా టకటకమనేవి.
ఆమె నమూనా కాగితం ఒకటి దొంగిలించి
అడ్డం ఎనిమిది గళ్లు, నిలువు ఎనిమిది,
ఒక మనిషిని చేశాను.
టోపీకి మూడు చుక్కలు, దీపానికి ఒకటి.
మొహానికి చోటు మిగల్లేదు.

వాడు నిచ్చెనలు దిగుతాడు.
రాతి పగుళ్లలో జారిపోయే బొట్లు ఏరుకుంటాడు.
నూటొక్కటి పోగైతే పైకి రావచ్చు.
అంతే ఆట.

ఒక శనివారం రాత్రి దాన్ని రేడియోలో వేశారు.
అవును, రేడియోలోనే.
"మీ టేపు రికార్డర్లు సిద్ధం చేసుకోండి" అన్నాడు ప్రకటించేవాడు,
ఆపైన నాలుగు నిమిషాలు కీచు.
పక్కింటి నెజ్కా ముసలమ్మ పెట్టె చెడిందనుకుని
దాని నెత్తిన రెండు మొట్టింది.
ఆ కీచులోనే నా గని, నా నిచ్చెనలు, నా మనిషి
కొండలు దాటి వెళ్లి
ఎవరెవరి క్యాసెట్లలోనో పడుకున్నారు.

ముప్ఫై ఎనిమిదేళ్లు.

మొన్న లుబ్లియానా నుంచి టిలెన్ అని ఒక కుర్రాడొచ్చాడు,
నేను లెక్కలు చెప్పినవాళ్ల పిల్లల ఈడు.
ఎవరి అటక మీదో దొరికిన క్యాసెట్ బూజు దులిపి,
చెరిగిన చోటల్లా ఒక్కొక్క అంకె అతికి
ఆటని బతికించాడట.
ఇక ఫోన్లో, టీవీలో, జేబులో పట్టే ఆటపెట్టెలో.
చూపించాడు.
నిచ్చెనకి నీడ వచ్చింది.
పాదరసం నిజంగానే మెరుస్తోంది.
మనిషి నూనె రాసినట్టు నడుస్తున్నాడు.

"వణుకు తీసేశాను" అన్నాడు మురిసిపోతూ.
"ఆగినప్పుడల్లా రెండు చుక్కలు అటూ ఇటూ ఊగేవాడు కదా,
పాత యంత్రానికి ఓపిక చాలక.
దానికే రెండు వారాలు పట్టింది."

కాఫీ పోయబోయి ఆగాను.

నిజం చెప్పాలంటే అది తప్పే.
ఎక్కడో ఒకటి ఎక్కువ కూడాను.
ఎక్కడో దొరక్క వదిలేశాను.
ఆ రాత్రి నాన్న డ్యూటీ దిగి వచ్చి
నా వెనక నిలబడి చూశాడు.
ఇరవై రెండేళ్లు ఆ ఆవిరి పీల్చినవాడు.
చెంచాలో సూప్ నోటికి చేరేలోపు సగమయ్యేది.
చొక్కా గుండీలు అమ్మ పెట్టేది;
ఆ కాసేపూ మేమంతా కిటికీ బయట ఏదో ఉన్నట్టు చూసేవాళ్లం.
తెర మీద ఊగే చుక్కల దగ్గరికి
ఎప్పుడూ జేబులో ఉండే ఆ చెయ్యి బయటికొచ్చింది.
వేలు పెట్టి చూపించాడు.
"ఓహో, నన్నూ ఎక్కించావన్నమాట!"
పడీ పడీ నవ్వాడు.
నేను కాదనలేదు.
ఇన్నేళ్లకీ కాదనలేదు.

టిలెన్‌కి ఇదేమీ చెప్పలేదు.
"ఆ వణుకు నాకు కావాలి" అన్నానంతే.
తల గోక్కున్నాడు. ఆడేవాళ్లకి కళ్లు లాగుతాయన్నాడు.
రెండో కప్పు కాఫీకి బేరం కుదిరింది.

ఇప్పుడు సెట్టింగుల్లో
శబ్దానికీ వెలుతురుకీ కింద ఒక చిన్న మీట:
వణుకు ఉంది / లేదు.

నాన్నకి అలాంటిది ఉండేది కాదు.

నిన్న బస్సులో, ముందు సీట్లో ఒక పిల్ల ఆడుతోంది.
ఆమె మనిషి నిచ్చెన సగంలో ఆగాడు.
కళ్లజోడు సర్దుకుని, సిగ్గు విడిచి ముందుకి వంగాను
ఊగుతున్నాడా లేదా అని.

కొండదారి. బస్సంతా ఊగుతోంది.
తెలియలేదు.