ఏ నీళ్లు సార్?

తపోవనం దాటినాక, బెంగళూరు రోడ్డు మీద
అద్దాల బిల్డింగు, నాలుగో అంతస్తు.
బోర్డు చదవడానికి మాకు నోరు తిరగలేదు.
రాసిన అక్షరాలన్నీ పలకగూడదంట,
చివరివి రెండు మింగెయ్యాలంట.
"అక్షరాలతోనే కడుపు నింపేటట్టున్నారు పా"
అన్నాడు వన్నూరప్ప.

మేము నలుగురం.
నేను రిగ్గు లారీ తోలేవాణ్ణి.
అరచేతిలో టెంకాయ పెట్టుకోని
బీళ్లల్లో నడిచి నీళ్ల పాయింటు చూపించేది వన్నూరప్ప.
ఆయన పెండ్లాం సుంకమ్మ.
మేనమామ చొక్కా తొడుక్కోనొచ్చిన ఈరన్న,
పైపులు దించే పిల్లోడు.

ఈ స్థలంలో మూడు బోర్లు వట్టి దుమ్ము పోసినాయి.
నాలుగోది
తొమ్మిదివందల ఇరవై అడుగుల కాడ
అర్ధరాత్రి దాటినాక ఎగజిమ్మింది.
ఓనరు ఆ బురదలోనే గంతులేసినాడు.
"హోటలు కట్టినాక మొదటి భోజనం మీకే" అన్నాడు.
రెండేండ్లు పట్టింది, మొదటిదీ కాదు,
కానీ పిలిచినాడు. ఆ మాట చెప్పుకోవాల.

గుంతకల్లు పిల్లోడు జిలాన్ బాషా,
నల్లకోటు, గొంతు కింద గుడ్డతో చేసిన సీతాకోకచిలుక.
వంగి, "స్టిల్లా సార్, స్పార్క్లింగా?" అన్నాడు.
మేము మొగాలు చూసుకున్నాము.
మెల్లగా మన మాటలోకి దిగినాడు:
"ఏ నీళ్లు సార్? ఊరికే ఉండేటివా, బుడగలొచ్చేటివా?"

వన్నూరప్ప చానాసేపు పలకలేదు.
నలభై ఏండ్లలో ఆయన్ను ఎవురూ అట్ల అడగలేదు.
అడిగేదంతా ఒకటే,
పడతాయా, పడవా.

"రెండూ తేప్పా, చూద్దాం" అన్నది సుంకమ్మ.
బాటిలు మీద మంచుకొండ బొమ్మ.
ఈరన్న ఒక గుటక తాగి తుమ్మినాడు.

ఎర్రగడ్డల సూపు వచ్చింది,
పైన చీజు కాలి పొరగట్టి.
కర్నూలు యార్డు బయట మా బావ
కొనేవాడు లేక రోడ్డు మీద పోసొచ్చిన రెండు ట్రాక్టర్లు
గుర్తుకొచ్చినాయి.
అయినా అబద్ధమెందుకు, బాగుండాది.
గిన్నె గోకి తిన్నాను.

పక్క టేబులు పండ్ల డాక్టరు ఇంటోళ్లది.
బాతుకాలు ఆరిపోయేదాకా ప్లేటు తిప్పి తిప్పి
ఫోటోలు తీస్తా ఉండారు.
కార్ల ఫ్యాక్టరీ కొరియా ఆయన ఒక్కడే కూచోని,
గ్లాసుకు ఫోను ఆనించి బిడ్డతో మాట్లాడతా
మధ్యలో గుర్తొచ్చినప్పుడు ఒక ముద్ద.
కిటికీ కాడ నిశ్చితార్థం ఉంగరాల జంట,
అయిపోతే బిల్లొస్తుందని
ఒక్కొక్క బఠాణీ తింటా ఉండారు.

మా ప్లేట్లల్లో చేనంత తెలుపు,
నడుమ ఇంత మాంసం, పక్కన
వేలితో గీసినట్టు ఎర్రని గీత.
వన్నూరప్ప ఫోర్కు నిలబెట్టి
"పాయింటు ఇదే, ఈడ దించండి" అన్నాడు.
కోటు సంగతి మర్చిపోయి
జిలాన్ కూడా పకపకా నవ్వినాడు.

"మన బోరు నీళ్లు ఒక గ్లాసు తే నాయనా."
జిలాన్ నవ్వు ఆగింది.
"అవి తాగేటివి కావు పెద్దాయనా, ఫ్లోరైడు.
గిన్నెలకు, చెట్లకు, కింద ఫౌంటెనుకు."

ఆ రాత్రి మొదట దోసిలి పట్టింది ఆయనే.
ఎట్లున్నాయి అంటే
బురద నోటితోనే "తీపు" అన్నాడు.

బిల్లు తెచ్చినారు, అడ్డంగా గీత కొట్టి,
ఓనరు సంతకంతో.
గీత కింద అంకెలు కనపడతానే ఉండాయి.
నీళ్లు, రెండు బాటిళ్లు, పదకొండు వందలు.
"అడుక్కి రూపాయి పైనే పడిందన్నా" అన్నాడు ఈరన్న.

చెయ్యి కడుక్కోను పోయిన వన్నూరప్ప
ఎంతకీ రాలేదు.
పోయి చూసినాను.
నల్లరాతి తొట్టి, తిప్పేది లేని కొళాయి.
దాని కింద
టెంకాయ పెట్టుకున్నట్టే అరచెయ్యి చాపుతాడు,
నీళ్లొస్తాయి.
వెనక్కి తీస్తాడు, నిలిచిపోతాయి.
మళ్లా చాపుతాడు.

అద్దంలో నన్ను చూసి
గొంతు తగ్గించి చెప్పినాడు:
"పెట్టిన ప్రతిసారీ పడతాండాయి రా."