తూర్పు అంచు

మొదటి సంపుటానికి పటం గీసినప్పుడు
తూర్పున కొండలు పెట్టింది ఆలోచించి కాదు.
కాగితం అయిపోయింది.
ఉర్వె వంటింటి బల్ల మీద, ఉప్పుచేపల డబ్బా పక్కన,
పెన్సిల్ అంచుదాకా వెళ్ళి ఆగిపోతే
"పళ్ళవరసలా కొండలు పెట్టెయ్,
ఎవరూ దాటలేదని రాస్తాను" అంది.
రాసింది.
ఇరవై మూడేళ్ళు ఎవరూ దాటలేదు.

పది సంపుటాలు. మూడు యుద్ధాలు, ఒక రాణి హత్య,
తేనెటీగలకు తెగులు, ఇద్దరు దొంగ వారసులు,
అన్నీ నా కొండలకు ఇవతలే.
ఇప్పుడు పదకొండో దాంట్లో
అవతలి నుంచి ఒక జాతి దిగాలట.
"మనలాంటి వాళ్ళు కాదు," అంది ఫోన్లో,
"కంటికి రెండు రెప్పలు.
ఒకటి నిద్రకి, ఒకటి మంచుపొగకి."

నేనడిగింది ఒక్కటే:
ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?
రాజధాని తొమ్మిది రోజులు తగలబడింది కదా,
వాళ్ళు ఆరేసుకున్న బట్టలకి
ఆ పొగ వాసన పట్టలేదా?
అటువైపు కెటిల్ ఈల వేసింది.
ఉర్వె ఫోన్ పెట్టేసింది.

ఫిబ్రవరిలో సముద్రం గట్టిపడ్డాక
హీయుమా దీవికి మంచు మీదుగా కారులో బయల్దేరాను.
ఆ దారిలో సీటు బెల్టు పెట్టుకోకూడదు,
కింద పగిలితే చటుక్కున దూకాలి.
గట్టు దగ్గర కాపలా కుర్రాడు అద్దం మీద కొట్టి
విప్పమని సైగ చేశాడు.
ప్రతి పటంలోనూ నేను నీలం పూసే చోట
చక్రాల కింద నేల.
గొంతులో తడి లేదు. రేడియో కట్టేశాను.

ఉర్వె అటక మీంచి ఉత్తరాల పెట్టె దింపింది.
పడవ ఇంజన్ల మెకానిక్ ఎండెల్,
పద్నాలుగేళ్ళ కిందటి దస్తూరీ, మూలన నూనె వేలిముద్ర:
"నాలుగో సంపుటం, రెండొందల పన్నెండో పేజీ.
సంతలో ఒకడు నల్లుప్పు అమ్ముతాడు.
మీ పటంలో ఉప్పు పండే చోట్లు రెండే,
రెండూ తెల్లుప్పే. మరి ఇదెక్కడిది, అమ్మా?"
అప్పట్లో జవాబు రాయలేదు తను.
స్టాంపు మాత్రం కత్తిరించి దాచుకుంది.

"చూశావా, ఎప్పుడో వచ్చేశారు.
నాకే చెప్పలేదు."
అవును. ఆరు సంపుటాలుగా వీరులందరూ ఆ ఉప్పు తిన్నారు.
ఎవరి ఉప్పు తింటున్నామని
ఒక్కడూ అడగలేదు.

ఆ జాతికో ఆచారం ఉంది.
గడప దాటి అతిథి వస్తే
ఇంటాయన తన పేరు ఇచ్చేస్తాడు.
అతిథి వెళ్ళిందాకా పేరు లేకుండా తిరుగుతాడు,
పశువుల్ని విప్పుతాడు, పిల్లల్ని కసురుతాడు,
భార్య అతన్ని "ఇదిగో" అని కూడా పిలవదు.
వచ్చినవాడు ఆ పేరు మోసుకుంటూ
దానికి మచ్చ రాకుండా నడుచుకోవాలి.

దీంతో ఉర్వెకి నలభై పేజీలు చెడ్డాయి.
"అన్నాడు" అని రాయాలంటే ఎవరన్నాడని రాయాలి?
పాఠకులు తికమకపడతారని
టాలిన్ నుంచి ఎడిటరు ఎర్రసిరా పంపాడు.
"పడనీ," అంది,
"పరాయి ఇంటికి వెళ్ళింది వాళ్ళే కదా."

ఆ రాత్రి కొత్త కాగితం పరిచాం.
ఈసారి వాళ్ళ పటం.
నడిమధ్యన ఉప్పుమళ్ళు,
పొగమంచులో దారి తప్పకుండా గంటలు కట్టిన స్తంభాలు,
పేర్లు అరువిచ్చిన మనుషుల ఊళ్ళు.
పడమరగా వస్తూ వస్తూ
నా కొండలే తగిలాయి, వెనకవైపు నుంచి.
ఇటునుంచి చూస్తే పళ్ళలా లేవు,
పిల్లాడు ఎక్కి దూకే గోడలా ఉన్నాయి.

వాటి అవతల?
మూడు యుద్ధాలు, రాణి సమాధి, తగలబడిన మహానగరం,
నా ఇరవై మూడేళ్ళ పెన్సిల్ పొడి.
వాళ్ళలో ఎవరూ చూడలేదు.
ఉప్పు బండ్లు అటు వెళ్తాయి,
కొన్ని తిరిగి రావు, అంతే తెలుసు.

"ఇక్కడేం పెట్టను?"
"ఎంత మిగిలింది కాగితం?"
"రెండు వేళ్ళ వెడల్పు."
ఉర్వె వంగి చూసింది, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి.
"అయితే ఒక చేపను వెయ్యి."

వేశాను.
రాజధాని ఉండాల్సిన చోట దాని కన్ను పడింది.
రెప్పలు లేవు, ఒక్కటీ.