పన్నెండు రోజుల సందు

సిరిపురం ఆఫీసులో నేను ట్రేసర్ని.
మధురవాడ, కొమ్మాది, పరదేశిపాలెం
అన్నీ నా ముంజేతి కిందనుంచే వెళ్లాయి.
ఒక జీడితోట ఒక్క పూటలో
నూటపద్దెనిమిది ప్లాట్లయింది.
సిరా ఆరడానికే ఎక్కువ సేపు పట్టింది.

పుట్టింది మాత్రం వన్‌టౌన్‌లో.
అక్కడి వీధుల్ని ఎవరూ గీయలేదు,
నడిచి నడిచి అలా అయ్యాయి.
కురుపాం మార్కెట్ దగ్గర దారి తప్పితే
ఏ సందులో దూరినా ఇంటికి తేలేవాళ్లం.
పెళ్లిపందిరి ఒక సందుకి అడ్డమొస్తే
శవం పక్క సందులోంచి వెళ్లేది,
ఎవరి కోసమూ ఎవరూ ఆగక్కర్లేదు.
అమ్మ చారు పొయ్యిమీద పెట్టి కరివేపాకుకి పంపితే
మరిగేలోపు వచ్చేసేవాణ్ణి.

నేను గీసినవి తోకకప్పలు.
సన్నటి తోక, గుండ్రటి తల,
వెళ్లిన దారే వెనక్కి.
"బయటి బళ్లు రావు సార్, ప్రశాంతం" అన్నాడు బిల్డరు.
నాకూ నచ్చింది.
కాగితం మీద అందంగానే ఉంటుంది మరి.

రెండు లేఔట్ల మధ్య ఒక గీత,
సున్నా పాయింట్ మూడు మందం.
అది ఏడడుగుల గోడయింది.
దానికి ఇటుపక్కే నా ఇల్లు.
అటుపక్క పొద్దున్నే ఒక కేక: "కానాగంతలో... వంజరమో..."
"ఆగమ్మా!" అని అరిచి స్కూటర్ తీసేవాణ్ణి.
హైవే ఎక్కి, యూటర్న్ కొట్టి,
గేటు దగ్గర పుస్తకంలో పేరు రాసి
రెండున్నర కిలోమీటర్లు.
వెళ్లేసరికి పిల్లులు మాత్రం ఉండేవి.

హుద్‌హుద్ వచ్చిన మర్నాడు
కొండ మీద ఆకు లేదు.
గోడ పదహారడుగుల మేర బోర్లా పడుంది.
దాని మీంచి ఖాళీ బిందెతో ఒకామె దిగొచ్చింది.
"చేపల్లేవు బాబూ, బోట్లన్నీ ముక్కలైపోనాయి.
మీ బోరింగు ఆడతందేటి?"
నా గొంతు విని ఆగిపోయింది.
"రోజూ ఆగమ్మా ఆగమ్మా అని అరిసీది నువ్వేనేటి!"
ఆమె పేరు నూకరత్నమని
తొమ్మిదేళ్లకి తెలిసింది.

పన్నెండు రోజులు.
ఇటుకల మీద అడుగులు పడి మట్టి నున్నబడింది.
బిందెలు వెళ్లాయి, పాలప్యాకెట్లు వెళ్లాయి,
ఎవరిదో నులకమంచం నిలువునా వెళ్లింది.
రెండువైపుల కుక్కలూ మొరిగి, విసిగి
ఒకే నీడలో పడుకున్నాయి.
వీధి ఎలా పుడుతుందో
ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో
నేను చూసింది అదొక్కటే.

పదమూడో రోజు సంఘం మీటింగు.
సెక్యూరిటీ అన్నారు.
నేనూ సంతకం పెట్టాను.
ఈసారి ఎనిమిదడుగులు, పైన సీసాపెంకులు.

ఊరిప్పుడు ఆనందపురం దాటింది,
చీకట్లో స్విచ్చి కోసం గోడ తడుముకునేవాడిలా
తగరపువలస వైపు పాకుతోంది.
ఎవరో కుర్రాడు కంప్యూటర్లో
తోకకప్పల్ని వదులుతూనే ఉన్నాడు.

పాత ట్రేసింగ్ ఒకటి నా దగ్గరుండిపోయింది.
బ్లేడుతో గీకితే సిరా పోతుంది.
నిన్న రాత్రి ఆ గీతని
గోరంత మేర గీకాను.

తెల్లారి గోడ గోడలాగే ఉంది.
"కానాగంతలో..."
స్కూటర్ తాళం ఎక్కడ పెట్టానో.