చక్రాల కుర్చీలు

మనుషులకంటె ముందు కుర్చీలొచ్చినయి.
నాలుగు. చక్రాలున్నయి.
ట్రాలీ ఆటోల పండవెట్టి తెచ్చిండ్రు.
మెట్లెక్కిచ్చేటప్పుడు ఒకటి జారి
నా కాలి బొటనవేలు మీద పడ్డది.
కొత్త టీముతోని నా తొలి పరిచయం అదే.

సోమవారం పొద్దున కొత్త డీఈఓ మేడం వచ్చింది.
వెనుక నలుగురు,
అందరి మెడల ఒక్కతీరు నీలం తాడు.
"వీళ్లు నా టీము" అన్నది.
ఆ "నా" కాడ
సదయ్య సారు చేతిల పూలగుత్తి
జరంత కిందికి దిగింది.
ముప్పయ్యొక్క ఏండ్ల సర్వీసు ఆయనది.
నల్లబెల్లి నుంచి నెక్కొండ దాక
ఏ బడి ఏ మూలన ఉరుస్తదో కండ్లు మూసుకొని చెప్తడు.
ఆయన గది వాళ్లకిచ్చిండ్రు.
ఆయన టేబులు మెట్ల కిందికొచ్చింది.
లేస్తె తల తాకుతది,
అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా లేస్తలేడు.

నేను మొగిలిని. అటెండర్ను.
చాయ్ నాది, తాళాలు నావి,
రికార్డు రూముల చెదలు గూడ నావే అంటరు.
వచ్చినోళ్లల ఒకాయన బెంగుళూరు, ఒకాయన పూనా,
ఇద్దరు ఆడపిల్లలు హైదరాబాదు.
నలుగురూ చాయిల చక్కెర వద్దంటరు.
తాగిన గ్లాసు వాళ్లే కడిగి బోర్లిస్తరు.
ఇన్నేండ్లల మా సార్లెవ్వరూ కడగలే.
చెప్పొద్దనుకున్న గని ఇది గూడ చెప్పాలె.

బుధవారం గోడ మీద జిల్లా మెరిసింది.
పోయినేడు ఫోన్ల ఫొటో తీసి పంపిన హాజరట.
పిల్లలొచ్చిన ఊరు పచ్చ చుక్క,
రాని ఊరు ఎర్ర చుక్క.
జనవరి నొక్కిండు, ఫిబ్రవరి నొక్కిండు,
దుగ్గొండి దిక్కు ఎరుపు పాకుకుంట పోయింది
కల్లంల ఆరబోసినట్టు.
"ఇక్కడ నాయకత్వ లోపం" అన్నడు పూనాయన.
ట్రే పట్టుకొని తలుపు కాడున్న నాకు
ముక్కుల ఘాటు తగిలింది.
తుమ్ము ఆపుకున్న.

అవి మిరపతోటలు సారూ.
మాఘమాసంల పండుకాయ ఏరవడ్తరు.
పిల్లల వేళ్లు సన్నగుంటయి,
కొమ్మ విరగకుండ కాయ తెంపుతయి.
పొద్దుమూకినంక ఆ వేళ్లు చల్లల ముంచుకొని కూసునుడే.
పెన్ను సంగతి తర్వాత,
కన్ను నలుపుకునుడు గూడ భయమే.
నేను ఎనిమిదిల ఆగింది ఆ తోటల్నే.

మాట నోటిదాక వచ్చింది.
సదయ్య సారు దిక్కు చూసిన.
పెన్ను మూత తీస్తండు, పెడ్తండు.
అడగని మాట చెప్పడు ఆయన.
వీళ్లు అడగలేదని కోపం.
మరి అడగకున్నా చెప్పే కుర్చీల ఇన్నేండ్లు కూసుండె గద,
ఏ ఫైలుల రాసిండు?
తాళం నా దగ్గరనే ఉన్నది, తీసి చూడుండ్రి.
ప్రతి ఫిబ్రవరీ తొంభై రెండు శాతం.
నీలి సిరా. ముత్యాలసొంటి దస్తూరి. సంతకం.
ఆ ఫైళ్లు మోసిన చేతులు నావి.
నేను మాత్రం ఎవ్వరికి చెప్పిన?

సాయంత్రం అందరు పోయినంక ఊడ్వవోతె
గోడ మీది బొమ్మ ఆర్పలే.
దుగ్గొండి కాడ వేలు పెట్టిన.
ఎరుపు నా గోరు మీద పడ్డది.
మంట లేదు. ఊకె వెలుగు.
ఒక కుర్చీల కూసున్న,
అది దానంతటదే కిటికి దాక పోయింది.

చీపురు ఆడనే వదిలి మెట్ల కిందికి పోయిన.
"సారూ, మిరపకాయ ముచ్చట
మీరు చెప్తరా, నన్ను చెప్పుమంటరా?"
చానసేపు చూసిండు.
లేచిండు.
తల టంగుమని తాకింది.
నెత్తి రాసుకుంట అడిగిండు:
"చక్కెర వద్దన్నరు సరే,
కారం తింటరా వాళ్లు?"