సైరన్ తీసేసిన విమానం

రెండు చలికాలాలు పట్టింది దీనికి.
మాల్టాలో చలికాలమంటే వాన,
తలుపు సందుల్లోంచి ఉప్పు.
బాల్సా పలక మీద బ్లేడుతో గీసి
ఒక్కో పక్కటెముకా కోసి, ఉప్పుకాగితంతో రుద్ది,
జిగురు ఆరేదాకా బట్టల క్లిప్పులన్నీ నేనే వాడేస్తే
మా ఆవిడ చొక్కాలు కుర్చీల మీద ఆరేసుకుంది.

స్టూకా.
దూకే ముందు గద్ద విరుచుకున్నట్టు రెక్కలు.
మా క్లబ్బులో అందరూ
దీవిని కాచిన విమానాలే కట్టుకుంటారు,
సాల్వు ఒక్కడి దగ్గరే మూడు హరికేన్లు.
"ఎవడో ఒకడు శత్రువవ్వాలిగా,
లేకపోతే ఆటేముంది?" అనేవాణ్ణి.

చక్రాల కాళ్ళకి సైరన్ కూడా బిగించాను.
అగ్గిపెట్టెంత స్పీకరు.
ఎలివేటర్ ముందుకి తోస్తే దానంతటదే అరుస్తుంది.

ఆ ఆదివారం మజిస్ట్రాల్ గాలి తగ్గింది.
పాత రన్‌వే ముక్క, చుట్టూ రాళ్ళు పేర్చిన గోడలు,
గోడల మీద బ్రహ్మజెముడు.
డొలోర్ బామ్మ ఎప్పట్లా మడతబల్ల వేసింది,
బఠాణీ పఫ్‌లు, గాజు గ్లాసుల్లో టీ.
చర్చి పండగకి నెత్తిమీద ఫిరంగుల్లా టపాసులు పేలుతున్నా
చిల్లర లెక్క తప్పని మనిషి.

పైకి తీసుకెళ్ళాను, ఇంకా పైకి.
చుక్కయింది. చుక్క మీద ఎండ మెరిసింది.
తోశాను.

అరుపు.

బాగుంది, అనుకున్నా. ఇంకొంచెం, అనుకున్నా.
సాల్వు నా మోచెయ్యి పట్టుకున్నాడు.
బల్ల వెనక ఎవరూ లేరు.
బల్ల కింద
నల్ల చెప్పులు, మోకాళ్ళు,
చెవులు మూసుకున్న రెండు చేతులు,
వేళ్ళ నిండా పిండి.

నా బొటనవేళ్ళు నావి కాకుండా పోయాయి.
సమంగానే లేపాననుకున్నా.
గోడ సంగతి మర్చిపోయాను.

ఆ చప్పుడు చాలా చిన్నది, తెలుసా.
ఎవరో వెదురుబుట్ట మీద కూర్చున్నట్టు.

ఎవరూ ఏమీ అనలేదు.
జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాను. రెండు మరలు.
సైరన్ ఇంకా గోరువెచ్చగా ఉంది.
అప్పటికి ఆమె లేచి, మోకాళ్ళు దులుపుకుని,
ఏప్రన్ ఒళ్ళో ముక్కలు ఏరుతోంది.
రాళ్ళ సందులోంచి సర్వోని వైరుతో సహా లాగింది.
"గురువారం జిగురు తీసుకురా, ఇంద్రీ.
మా వంటింటి బల్ల పొడుగు."

లేసు అల్లిన చేతులు ఆమెవి.
రెక్క మీది పట్టుకాగితం చిరిగినచోట
అతుకు ఎక్కడుందో నాకే దొరకలేదు.
మధ్యలో, నాకేసి చూడకుండా అంది:
"ఆరేళ్ళు నాకప్పుడు.
కొండ తొలిచిన గదిలో అమ్మ ఒడిలో తల దూర్చేదాన్ని.
వినడమే. ఒక్కసారీ చూడలేదు.
చూడనిది కదా,
నాతోపాటే పెరుగుతూ వచ్చింది."
రెక్కని రెండువేళ్ళతో ఎత్తింది.
"ఇదా! రొట్టె కన్నా తేలిక."

అసలుది లోహమనీ, దాని బరువింతనీ
చెప్పబోయాను.
నోట్లో బట్టల క్లిప్పు ఉంది.
తియ్యలేదు.

అతుకు వల్ల ఎడమ రెక్క కాస్త బరువెక్కింది.
అటే లాగుతుంది. ట్రిమ్ రెండు మెట్లు కుడికి.
సైరన్ చెప్పుల అట్టపెట్టెలో ఉంది,
పారెయ్యలేదు, అదీ చెప్పాలి.

మళ్ళీ ఆదివారం
బల్ల వదిలేసి వచ్చి నా పక్కన నిలబడింది.
"దించు," అంది. "మొన్నట్లాగే, నిటారుగా."
"వద్దు బామ్మా."
"దించు."

గాలిని కోసే చప్పుడు తప్ప ఏమీ లేదు.
నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది,
కళ్ళు తెరిచే ఉంచింది.
పెదాలు మెల్లగా అంకెలు లెక్కపెడుతున్నాయి.
ఎన్నో అంకె దగ్గర ఆపాలో నాకు తెలీదు.
గోడకి బారెడు ఎత్తులో లేపాను.

వెనక టీ పొంగి
స్టవ్ మీద చుయ్యిమంది.
ఎవరూ వెళ్ళి కట్టెయ్యలేదు.