చెప్పుల వరస

ఏప్రిల్ ఎండ. పొద్దున తొమ్మిదికే
కడప ఏడురోడ్ల కాడ తారు మెత్తబడింది.
మేస్త్రీ బక్కెట సున్నం చేతికిచ్చి
"పోయినేడు గీసినావు గదా ఓబులేసూ,
అవే జాగాలు" అన్యాడు.

అవే జాగాలు.
వెతికే పని గూడా లేదు.
రేషన్ షాపు ముందర బండలమీద
పాత గుండ్రాలు ఇంకా ఉండాయి,
తుడిచినా పూర్తిగా పోని బొట్టు మాదిరి.

సైకిలు టైరు కింద పెడతా, చుట్టూ కుంచె తిప్పుతా,
టైరు ఎత్తుతా, మూడడుగులు జరుగుతా.
నా వెనకాల్నే మాటలు గూడా జరుగుతాండాయి:
"మళ్లానా?"
"మొన్నే గదప్పా తెరిచినారు"
"పెండ్లి పత్రికలు పంచేసినాం, ఇప్పుడెట్ల"
"మీటింగులకు పోని రోగం మా బండి కాడికే వస్తాదా"
ఈ చివరి మాట కారం దోసెల బాలమద్దయ్యది.
దానికి జవాబు నా బక్కెట్లో లేదు.
టైరు ఎత్తినా. జరిగినా.

పోయినేడు ఇట్ల కాదు.
భయం అప్పుడు కొత్తది.
ఎవురూ చెప్పకముందే వచ్చి గుండ్రంలో నిలబడినారు,
కాళ్లు దగ్గర పెట్టుకొని,
గీత తొక్కితే కరుస్తాదేమో అన్నట్ల.
పిల్లోళ్లు ఒకదాంట్లోంచి ఇంగోదాంట్లోకి కుంటుబిళ్ల ఆడితే
తల్లులు వీపులు వాయగొట్టినారు.
మా మీద పూలు చల్లినారు గూడా.
ఆ పూలు మళ్లా మేమే ఊడ్చుకున్యాం.

ఈ తూరి భయం పాత చీర.
ఉతికి ఉతికి మెత్తబడి,
చించి మూతికి కట్టుకునేదానికి తప్ప పనికిరాకుండా.
అది గూడా గడ్డం కిందనే,
పోలీసాయన అడిగితే
"ఉంది గద సార్" అని చూపించేదానికి.

సచివాలయం నుంచి ఒక పాప వచ్చింది, చేతిలో ట్యాబు.
"మళ్లా కట్టడి పెడితే పాటిస్తారా?"
"పాటిస్తాం మ్మా."
"ఎందుకు పాటించం."
"పాటించాల్సిందే, ప్రాణాలు గదా ముఖ్యం."
ఆ మాట చెప్పేదానికి ఒకాయన
మాస్కు కిందికి లాగినాడు.
బియ్యమిచ్చే గడప ముందర
లేదు అనేవాడు ఎవుడు?
పాప అన్నిట్నీ నొక్కుకుంది. నన్నడగలే.
గీసేటోనికి అభిప్రాయం ఏముంటాదిలే.

పద్నాలుగు గీసి, నడుం పట్టుకొని లేసి చూస్తే
పద్నాలుగు గుండ్రాల్లో
పద్నాలుగు జతల చెప్పులు.
అరిగిన హవాయిలు, పిన్నీసు గుచ్చిన వార్లు, ఒక జత బూట్లు,
ఎంత బుద్ధిగా, ఎంత ఎడంగా!
మనుషులు మాత్రం
మూసిన బట్టలంగడి పట్ట కింద
మంచమంత నీడలో
భుజానికి భుజం.

నవ్వొచ్చింది. కోపం గూడా వచ్చింది.
ఎవరి మీదని?
ఈ ఎండలో అరగంట మేస్త్రీ నిలబడతాడా?
నేను నిలబడతానా?

అప్పుడొచ్చింది మాబున్ని.
చెప్పులు విడవలే.
పదిహేనో గుండ్రం లేదు. నా దిక్కు చూసింది.
టైరు పెట్టి తిప్పినా.
తడి ఆరకముందే అందులో నిలబడింది,
సంచి చంకలో పెట్టుకొని, తలమీద కొంగుతో.
"రాక్కా నీడకు, చెప్పులు పెట్టి రా" అన్యారు.
"వద్దులే" అనింది.
ఇంగోసారి పిలిచినారు.
"నీడలో నిలబడే గదా పోయినాడు మా ఇంటాయన,"
బియ్యం రేటు చెప్పినంత మామూలుగా.

పట్ట కింద మాటలు ఆగినాయి.
అట్లని ఎవురూ పరిగెత్తి రాలే.
చానాసేపటికి బాలమద్దయ్య
గడ్డం కింది గుడ్డ ముక్కుమీదికి జరుపుకొని
పోయి తన చెప్పుల్లో కాళ్లు పెట్టినాడు.
"అబ్బా, కాల్తాండాయి" అన్యాడు. నిలబడినాడు.
తర్వాత బూట్లాయన.
తర్వాత ఇంగెవురూ లేదు.
మిగిలినోళ్లు నీడలోనే
కొంచెం, జానెడంత, ఎడం జరిగినారు.

దీన్ని యాడ నొక్కుకుంటాదో ఆ పాప.

బక్కెట ఎత్తుకున్యా. సున్నం ఇంకా సగం ఉండాది.
మందులషాపు కాడికి పోయి
ముందు గోడ నీడ ఎంతదూరం పడతాదో చూసినా.
మేస్త్రీ చెప్పిన జాగా అది కాదు.
టైరు పెట్టినా.