తాలు

పదకొండేండ్లు ఎనుమాముల యార్డుల
అడ్తి దుకాణంల తక్ పట్టీలు రాసిన.
బస్తాలు, తూకం, ధర, కమీషను, హమాలీ.
ఇంటికొచ్చి తల దువ్వుకుంటే
దువ్వెన గూడ తుమ్మేది.

ఇప్పుడు హన్మకొండ లైబ్రరీల
పుస్తకాలు కొనే సెక్షన్ల కూసుంటున్న.
దూరవిద్యల చదివిన పట్టా
సందుగల నుంచి తీస్తే వచ్చిన కుర్చీ.
ఒక కాలు పొట్టి,
కింద మడతవెట్టిన పాత కొటేషను.

మొదటి రోజు మొగిలి సారు అడిగిండు:
"పుస్తకం ఎట్ల కొంటవమ్మా?"
"ధర చూసి, సార్."
ఆయన నవ్వలే.
"మన దగ్గర ఉన్నదో లేదో చూసి.
ధర ఆ తర్వాత."

అక్కడ వచ్చినదాన్ని లెక్క రాసేదాన్ని.
ఇక్కడ రానిదాన్ని వెతకాలె.
ఖాళీ అరకు ఎన్ని కిలోల తరుగు తీస్తరో
ఎవరూ చెప్పలే.
జెండా పాట గూడ లేదు.
'నిశ్శబ్దం' అని రాసిన బోర్డు కింద
డీలర్లతోటి ఫోన్ల
గుసగుసగ బేరమాడుత, పది శాతానికి.

ఇండెంట్ల కట్టల నలభైమూడు గ్రూప్స్ గైడ్లు,
కానిస్టేబుల్ పరీక్షవి పందొమ్మిది.
మధ్యల బీడీ లేబుల్ వెనుక పెన్సిల్ రాత:
"మోటర్ వైండింగు నేర్పే బుక్కు. తెలుగుల ఉంటెనే.
సోమలక్ష్మి, పైడిపల్లి."

జనవరిల సారు రిటైరైండు.
ఆ చీటీ నా డ్రాయర్ల ఉండిపోయింది.
కోఠి డీలరు లేదన్నడు.
విజయవాడాయన ఎత్తి, పెట్టేసిండు.
కరీంనగర్ల ఒక ఐటీఐ మాస్టారు
సొంత పైసలతోటి అచ్చేసుకున్నడని
యార్డు హమాలీ యాకూబ్ కొడుకు చెప్పిండు,
మా ఆఫీసుల ఎవరికీ తెల్వదు.

మార్చి ఇరవైతొమ్మిది.
ఆర్టీసీ కార్గోల పార్సిలు.
సుతిలి కోసి బిల్లుతోటి సరిచూసిన.
బస్తాల మోచేతి దాక చెయ్యి వెట్టి
అడుగున తాలు పట్టిన వేళ్లు ఇవి,
పేజీలు వదులుకుంట వదులుకుంట ఆగినయి.
అరవైఅయిదు నుంచి ఎనభై దాక తలకిందులు.

వాపసు పంపితే
ముప్పైఒకటికి బడ్జెటు మురిగిపోతది.
యార్డుల అయితే ధర కోసేటోళ్లం,
రైతు మొఖం చూడకుండ.
చూడకపోవుడు గూడ ఆ నౌకరీల ఒక పనే.

పరిగ్రహణ సంఖ్య వేసిన.
రహస్య పుట మీద ముద్ర గుద్దిన.
రిమార్కుల గడిల రాసిన:
"పదహారు పేజీలు తిరగబడినయి.
పుస్తకం తిప్పి చదువుకోవాలె."

ఆడిటరు దాని కింద ఎర్ర గీత గీసిండు.

జూన్ల వాపసొచ్చింది పుస్తకం,
నాలుగు రోజులు ఆలస్యం,
రెండు రూపాయల జరిమానా.
డెబ్బైరెండో పేజీల నూనె బొటనవేలు,
అది గూడ తలకిందులే.
అట్టకు వార్నిష్ వాసన.
దగ్గరికి తీసుకుంటే
తుమ్మొచ్చింది.